ఆల్ఫా, బీటా కిరణములు: విద్యుదావేశము, స్వభావము, ఆరోగ్యము

రేడియం, యురేనియం, థోరియం వంటి పదార్థముల నుండి కొన్ని కిరణములు తమంతట తామే నిరంతరము వెలువడుచుండును. వానికి రంగు లేదు, వాసన లేదు. శరీరమును తాకినను తెలియదు. అందుచేత వానిని గూర్చి జనులు రెండు విధముల పొరబడుచుందురు. కొందరు ప్రతి కిరణమునకును భయపడుదురు. కొందరు దేనికిని భయపడరు. ఏ కిరణము ఎక్కడ హాని చేయునో తెలిసినచో ఈ రెండు పొరపాటులును తొలగిపోవును. అందులకు ముందుగా వాని విద్యుదావేశమును, బరువును తెలిసికొనవలెను.

అయస్కాంతము చెప్పిన సాక్ష్యము

1896లో పారిస్ నగరమున హెన్రీ బెకరెల్ యురేనియం లవణముల నుండి వెలువడు కిరణములు నల్లకాగితమును దాటి ఫొటోగ్రాఫిక్ ఫలకముపై ముద్ర వేయుట కనుగొనెను. 1899లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ అందులో రెండు తెగలున్నట్లు గుర్తించి, పలుచని రేకునకే ఆగిపోవు వానికి ఆల్ఫా యనియు, లోతుగా చొచ్చుకొనిపోవు వానికి బీటా యనియు పేరిడెను.

అయస్కాంతము నెదుట ఈ రెండును ఎదురెదురు దిక్కులకు వంగును. బీటా కిరణములు ఎక్కువగా వంగును. అవి ఋణావేశము గల ఎలక్ట్రానులని 1900లో బెకరెల్ నిరూపించెను. ఆల్ఫా కిరణములు స్వల్పముగా మాత్రమే వంగును. అవి ధనావేశము గలవని 1903లో రూథర్‌ఫర్డ్ తెలియజేసెను. మూడవ తెగయగు గామా కిరణములకు ఆవేశము లేదు. కావున అవి వంగక తిన్నగా పోవును.

రెండింటి స్వరూపము

ఆల్ఫా కణమున రెండు ప్రోటానులు, రెండు న్యూట్రానులు గలవు. అనగా అది హీలియం పరమాణువు యొక్క కేంద్రకమే. దాని ఆవేశము ధన 2. బీటా కణము సాధారణముగా ఒక ఎలక్ట్రాను. దాని ఆవేశము ఋణ 1. కొన్ని పదార్థములు ధనావేశము గల బీటా కణములను కూడ వెలువరించును. బీటా కణము పరమాణువు చుట్టును తిరుగు ఎలక్ట్రాను కాదు. కేంద్రకములో ఒక న్యూట్రాను ప్రోటానుగా మారునపుడు అది పుట్టి బయటికి వచ్చును. ఆల్ఫా కణము దానికంటె సుమారు 7,300 రెట్లు బరువైనది.

సంతలో జనసమ్మర్దము నడుమ బరువెక్కించిన బండి అడుగడుగునకును ఎవరినో ఒకరిని రాచుకొనుచు కొద్ది దూరములోనే నిలిచిపోవును. బక్కపలుచని బాలుడు సందులలో దూరి చాలదూరము పోగలడు. ఆల్ఫా కణము ఆ బండి వంటిది. రెట్టింపు ఆవేశము, నెమ్మది నడక గలదగుటచే దారిలోని పరమాణువుల నుండి ఎలక్ట్రానులను ఊడదీయుచు, గాలిలో కొన్ని సెంటిమీటర్లలోనే తన శక్తి నంతయు కోల్పోవును. ఒక కాగితము, లేదా మన చర్మముపైనుండు మృతమైన పొర దాని నాపగలదు. బీటా కణము గాలిలో కొన్ని మీటర్ల వరకు పోగలదు. దాని నాపుటకు కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కావలెను. అది చర్మములో చొరబడి కాలిన గాయములను కలిగింపవచ్చును. కంటికిని హాని చేయవచ్చును.

లోపలికి పోయినచో

కాగితమున కాగు కిరణము వలన భయమేమి యని తలచుట ప్రమాదకరము. ఆల్ఫా కణములను వెలువరించు పదార్థము ఊపిరితోనో ఆహారముతోనో లోపలికి పోయినచో, అక్కడ కాపాడుటకు మృతచర్మము లేదు. కణముల శక్తి యంతయు మిల్లీమీటరులో పదవ వంతుకంటె తక్కువ దూరములో, కొద్దిపాటి జీవకణములపైననే వ్యయమగును. అందువలననే రక్షణ లెక్కలలో బీటా హానిని 1గా గొనినచో ఆల్ఫా హానిని 20గా గొందురు.

1917 మొదలు అమెరికాలోని న్యూజెర్సీలో గడియారపు ముఖములపై రేడియం రంగుతో అంకెలు దిద్దిన యువతులు కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనెడివారు. రేడియం స్వభావమున కాల్షియంను పోలినదగుటచే వారి యెముకలలో చేరెను. అనేకులకు దవడ యెముకలు కుళ్లెను, రక్తహీనత, ఎముక కాన్సరు కలిగెను, పలువురు మరణించిరి. ఆ రంగును చేతితో ముట్టుటకంటె నోటితో మ్రింగుటయే వారికి ప్రాణాంతకమైనది.

నేలలోని యురేనియం నుండి క్రమముగా పుట్టు రాడన్ వాయువు కూడ ఆల్ఫా కణములను వెలువరించును. గాలి యాడని గదులలోను గనులలోను అది పేరుకొని ఊపిరితిత్తుల కాన్సరునకు కారణమగును. పొగాకు పొగలోనుండు పొలోనియం 210 సైతము ఆల్ఫా కణములనే వెలువరించును.

ఉపకారము

ఇదే స్వభావము వైద్యమునకును తోడ్పడుచున్నది. థైరాయిడ్ గ్రంథి అయొడిన్‌ను తనయందు చేర్చుకొనును. రోగి అయొడిన్ 131 మందును పుచ్చుకొన్నచో అది ఆ గ్రంథిని చేరి, తన బీటా కణములచే వ్యాధిగ్రస్తమైన జీవకణములను నశింపజేయును. ఆ కణముల దూరము స్వల్పమగుటచే ఇతర భాగములకు కలుగు హాని తక్కువ. సుమారు 8 దినములకు మందు యొక్క రేడియోధార్మికత సగమగును.

పాటింపవలసిన జాగ్రత్తలు

ఇండ్లలోను గనులలోను గాలి ధారాళముగా వచ్చునట్లు చూచుకొనవలెను. పొగ త్రాగరాదు. రేడియోధార్మిక పదార్థములతో పనిచేయు చోట తినరాదు, త్రాగరాదు. పని ముగిసిన పిదప చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. అయొడిన్ చికిత్స పొందినవారు వైద్యుడు చెప్పినన్ని దినములు పసిపిల్లలకును గర్భిణులకును దూరముగా ఉండవలెను. మూడు రెక్కల గుర్తు గల పెట్టెను గాని లోహపు ముక్కను గాని ముట్టక, విప్పక, దూరముగా నిలిచి పోలీసువారికి తెలుపవలెను. అట్టి వస్తువుల నుండి గామా కిరణములును వెలువడవచ్చును. వాని నాపుటకు కాగితమును చాలదు, పలుచని రేకును చాలదు. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారున కోబాల్ట్ 60 గల యంత్రమును విడగొట్టిన ఫలితముగా పలువురు జబ్బుపడిరి, ఒకరు మరణించిరి.

కిరణము కంటికి కానరాదు. కాని దాని నడవడి తెలిసినదే. ఆల్ఫాను శరీరములోనికి పోనీయకుండుట, బీటాకు అడ్డు నిలుపుట, తెలియని వస్తువునకు దూరముగా నుండుట, ఈ మూడును ప్రతివారును గుర్తుంచుకొనదగినవి.