నొప్పి లేని పుండు ఎందుకు ముదురుతుంది?

ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. విశాఖ దగ్గరి మన పెందుర్తి వైపు నుంచి కూడా వెళ్లి చెప్పుల్లేకుండా నడుస్తారు. మర్నాటికి అరికాళ్లు బొబ్బలెక్కడం మామూలే. అందరికీ వారంలో మానిపోయే బొబ్బ షుగర్ ఉన్నవాళ్లకు చీము పట్టి పుండెందుకవుతుంది?

క్రిములతో పోరాడేవి తెల్ల రక్తకణాలు. రక్తంలో చక్కెర పెరిగితే అవి మందగిస్తాయి, క్రిములను సరిగ్గా చంపలేవు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కాలి రక్తనాళాలు సన్నబడి పుండుకు రక్తం చాలదు. అన్నిటికంటే మోసం చేసేది నరాలు దెబ్బతినడం. స్పర్శ పోయిన పాదానికి గాజుపెంకు దిగినా తెలియదు. 'నొప్పే లేదు కదా, అదే తగ్గిపోతుందిలే' అనే మాట వింటే నాకు భయమేస్తుంది. నొప్పి లేదంటేనే ముందు డాక్టరుకు చూపించాలి. పైగా చీము పట్టాక చక్కెర ఇంకా ఎగబాకుతుంది. గోరుచుట్టుపై రోకటిపోటంటే ఇదే.

మరి చిన్న గాయాన్ని ఎలా చూసుకోవాలి? చేతులు కడుక్కుని, గాయాన్ని ధారగా పోసే మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. శుభ్రమైన గుడ్డతో అద్ది, పొడి గాజ్ గుడ్డ కట్టి, రోజూ విప్పి చూడండి. పసుపు, కాఫీపొడి, సున్నం ఏవీ పెట్టొద్దు. సెగ్గడ్డను పిండొద్దు. ఆనెను బ్లేడుతో కోయొద్దు. వేడినీళ్ల కాపడమూ వద్దు. నొప్పి తెలియని కాలికి వేడి కూడా తెలియదు, కాలాకే బయటపడుతుంది. టెటనస్ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి.

విశాఖ ఉక్కపోత సంగతి వేరే చెప్పాలి. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో డ్యూటీ అంతా బూట్లలో ఉన్న కాళ్లకు వేళ్ల సందులు చెమటకు నాని, తెల్లబడి, చిట్లుతాయి. ఆ చీలికే క్రిములకు దారి. ఇంటికి రాగానే కడిగి, ప్రతి సందూ పొడిగా తుడవాలి. మేజోళ్లు రోజూ మార్చాలి. చెమట తడికి పట్టే తామరకు షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దురద తగ్గినట్టే తగ్గి తామర పాకుతుంది. దయచేసి అవి వాడకండి.

పాదం మీద పుండైతే ఎంత చిన్నదైనా ఒకటి రెండు రోజుల్లో పెందుర్తి ప్రభుత్వాసుపత్రిలోనో, మీ డాక్టరుకో చూపించండి. ఎర్రదనం చుట్టూ పెన్నుతో గీత గీయండి. ఎరుపు ఆ గీత దాటినా, జ్వరం, దుర్వాసన, నలుపు కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్), దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లండి. షుగర్ మందులు, ఇన్సులిన్ మీ అంతట మీరు ఆపకండి.

ఈ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు ఒకసారి చూసుకోండి. వంగలేని పెద్దవాళ్ల పాదాలు ఇంట్లోవాళ్లే చూడాలి.