లాహోరు వీధులలో పెరిగిన క్రీడాసమాజము

వీడియో క్రీడ యనగానే పెద్దలకు కాలహరణమును, పిన్నలకు వినోదమును స్ఫురించుట సహజము. అయితే ఒకే ఆటను వందలాది యువకులు పట్టుదలతో అభ్యసించి, ఒకరికొకరు ప్రత్యర్థులును గురువులునై, ఒక సమాజముగా ఎట్లు రూపొందుదురో తెలిసికొనుట విద్యార్థులకును, కళాశాలా నిర్వాహకులకును ప్రయోజనకరమని మేము తలచుచున్నాము. అందులకు పాకిస్తానులోని లాహోరు నగరపు టెక్కెన్ క్రీడాకారుల చరిత్రను ఉదాహరణముగా గైకొందము.

టెక్కెన్ అనునది జపానుకు చెందిన నామ్కో సంస్థ 1994లో వెలువరించిన ద్వంద్వయుద్ధ క్రీడ. ఇద్దరు ఆటగాండ్రు చెరియొక యోధుని ఎన్నుకొని తెరపై పోరాడుదురు. ఇందు కాలమును సెకనులో 60వ భాగముతో కొలుతురు. మిక్కిలి వేగమైన గ్రుద్దు సుమారు 10 భాగములలో, అనగా సెకనులో ఆరవ వంతులో తగులును. మానవుని కన్ను చూచి, చేయి కదలుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. కనుక చూచి తప్పించుకొనుట సాధ్యము కాదు. ప్రత్యర్థి ఏమి చేయబోవునో ముందుగా ఊహింపవలెను. ఒక్కొక్క యోధునికి పదులకొలది ఎత్తుగడలుండును. ఇట్టి విద్య ఏకాంతమున అలవడదు. భిన్న స్వభావములుగల మనుష్యులతో నిత్యము తలపడినపుడే అలవడును.

ఈ అవసరమును తీర్చినవి లాహోరు వీధులలోని ఆటల అంగళ్లు. ఇంటింట ఆటయంత్రమును కొనగల స్తోమత లేనిచోట, కొలది పైసలతో ఆడుటకు ఈ అంగళ్లే శరణ్యములైనవి. గెలిచినవాడు యంత్రము వద్దనే నిలుచును. ఓడినవాడు లేచి, మరల పైకము చెల్లించి, తన వంతుకై వేచియుండవలెను. ఓటమికి వెల యున్నందున ప్రతి ఆటయు పరీక్షయే. వెనుక నిలిచి చూచువారు తప్పులెంచి, కిటుకులు చెప్పుదురు. మన తాలింఖానాలలో వస్తాదు ఎదుట కుర్రవాండ్రు మట్టి కరచి కుస్తీ నేర్చుకొను పద్ధతికిని దీనికిని గల పోలిక స్పష్టము. ఉస్తాదు అను ఉర్దూ పదమే మన భాషలో వస్తాదు అయినది గదా!

అయినను ఈ ప్రజ్ఞ చిరకాలము లోకమునకు తెలియలేదు. ఇంటర్నెట్టు ద్వారా దూరదేశీయులతో ఆడినచో సంకేతములు ఆలస్యమగును. సెకనులో 60వ భాగము విలువైన ఆటలో ఆ ఆలస్యమే ఓటమిని నిర్ణయించును. ఇక స్వయముగా వెళ్లుదమన్న ప్రయాణవ్యయమును, వీసా చిక్కులును అడ్డు.

2019 ఫిబ్రవరిలో జపానులోని ఫుకువోకా నగరమున ఈవో జపాన్ పోటీలు జరిగినవి. అర్సలాన్ ఆష్ అను పేరున ఆడు లాహోరు యువకుడు అర్సలాన్ సిద్దిఖీ పెక్కు విమానాశ్రయములలో చిక్కుకొని, తన వద్దనున్న పాకిస్తానీ రూపాయలను మార్చుకొనలేక అవస్థపడి, ఎట్టకేలకు చేరుకొని విజేత యయ్యెను. అంతకంటె విశేషమేమనగా, తన దేశమున తనకు దీటైనవారు ఇంకను కలరని ఆయన ప్రకటించుట. పేరొందిన కొరియా ఆటగాడు నీ ఆ యేడే పాకిస్తానుకు వచ్చి స్థానికులతో ఆడి, ఆ మాట అతిశయోక్తి కాదని గ్రహించెను. ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగస్‌లో జరిగిన ఈవో తుదిపోటీలో అర్సలాన్ ఆ నీనే ఓడించెను. 2023, 2024 సంవత్సరములలో లాస్ వేగస్ విజయమును మరల పొందెను. 2023 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన టెక్కెన్ వరల్డ్ టూర్ తుదిపోటీలలో మరియొక పాకిస్తానీయుడు ఆతిఫ్ బట్ గెలుపొందుటతో, ఇది ఒక్కని అదృష్టము గాక ఒక సమాజపు ఫలమని రుజువైనది.

ఈ చరిత్రలో హెచ్చరికయు కలదు. పారితోషికములు శిఖరమును చేరిన కొలదిమందికే దక్కును. తక్కినవారికి జీవనోపాధి వేరుగా నుండవలెను. చదువు విడిచి ఆటను నమ్ముకొనుమని మేము చెప్పము. మరియు వీధి అంగళ్లలో పెరిగిన సమాజము గనుక అందు బాలికలకు చోటు మిక్కిలి స్వల్పము. సగము ప్రజ్ఞ గడప దాటకయే మిగిలిపోవుట ఏ సమాజమునకైనను నష్టమే.

ఈ లోపమును సరిదిద్దగల శక్తి విద్యాసంస్థలకు కలదు. లాహోరు యువకులను తీర్చిదిద్దినది ఖరీదైన సామగ్రి కాదు; నిత్యము కలిసికొనుటకు ఒక తావు, అందరికి ఒకే నియమము, ఓడినవానికి నేర్పు పెద్దమనసు. చదరంగమైనను, వక్తృత్వమైనను, ముషాయిరా యైనను వృద్ధి చెందునది ఈ మూడింటి వలననే. మన కళాశాలలో సాయంకాలము తాళము పడు గదులలో ఒకదానిని వారమునకు రెండు దినములు బాలబాలికలకు సమానముగా తెరచి యుంచినచో, ఏ ఆటలో ఎవరి ప్రతిభ వెలికివచ్చునో చూడవచ్చును. కమిటీ వారు ఈ విషయమును ఆలోచింతురని ఆశించుచున్నాము.