ట్రాక్టరు గేరు పెట్టెలో బేరింగులు, ఆయిలు సీళ్ళు మార్చుట

దమ్ము పని ముగించి నిలిపిన ట్రాక్టరు క్రింద నేలమీద నూనె మరక కనిపించినచో దానిని ఉపేక్షింపరాదు. గేరు పెట్టెలోని నూనె బయటికి కారు దారినే బురదనీరు లోపలికి పోవును. నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడలేదు. వాటి గుండ్లకు తుప్పు పట్టి గుంటలు పడును. బేరింగు అరిగిన పిదప షాఫ్టు ఊగులాడి, పళ్ళ చక్రములు సరిగా కలియక పళ్ళు విరుగును. గోటితో పోవు పనికి గొడ్డలి తెచ్చుకొనుట ఇదియే.

సీలు కారుటకు కారణము

ఆయిలు సీలులో రబ్బరు పెదవి, దానిని షాఫ్టుకు అదిమి ఉంచు సన్నని స్ప్రింగు ఉండును. పెదవి అరిగినచో నూనె కారుట సహజమే. కాని బేరింగు అరిగి షాఫ్టు ఊగుచున్నచో క్రొత్త సీలు కూడ కొద్ది దినములకే కారును. కావున బేరింగును పరీక్షింపక సీలు మాత్రము మార్చుట డబ్బు దండుగ. గేరు పెట్టెకు గాలి ఆడు రంధ్రము మట్టితో మూసుకొనినను, నూనె హద్దు మించినను, మంచి సీలు సైతము కారును. పెట్టెను విప్పకముందే ఈ రెంటిని సరిచూడుడు.

లోపమును గుర్తించుట

1. ఇంజను నడుచుచుండగా గేరును న్యూట్రలులో ఉంచి క్లచ్చి పెడలుపై కాలు తీయుడు. అప్పుడు రొద వచ్చి, పెడలు త్రొక్కగానే ఆగినచో గేరు పెట్టె ముందు షాఫ్టు బేరింగునో, దానితో తిరుగు క్రింది షాఫ్టు బేరింగునో అనుమానింపవలెను.

2. పెడలు త్రొక్కినప్పుడు మాత్రమే రొద వచ్చినచో లోపము క్లచ్చి బేరింగులో ఉండవచ్చును.

3. ఒక్క గేరులోనే రొద వచ్చినచో ఆ గేరు పళ్ళను చూడవలెను.

4. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నచో నీరు చేరినదని తెలిసికొనుడు. నూనె దింపినప్పుడు లోహపు పెళ్ళలు కనిపించినచో ట్రాక్టరును ఇక నడుపరాదు.

క్రొత్త సామాను కొనుట

బేరింగు రింగుపై సంఖ్య చెక్కి ఉండును. ఉదాహరణకు 6206 అను బేరింగులో చివరి 06ను 5తో హెచ్చించిన 30 వచ్చును. అనగా లోపలి రంధ్రము 30 మిల్లీమీటర్లు. 04 మొదలు ఈ లెక్క వర్తించును. సంఖ్య తరువాత సీ3 వంటి గుర్తు ఉన్నచో క్రొత్తదానికి కూడ అదే ఉండవలెను. సీలుపై 35, 52, 7 అని ఉన్నచో అవి వరుసగా షాఫ్టు కొలత, వెలుపలి కొలత, మందము.

బిగించుట

ట్రాక్టరును రెండుగా విడదీయుట అనుభవముగల మెకానిక్కు చేయవలసిన పని. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. గట్టి దిమ్మెలు పెట్టవలెను. మెకానిక్కు పని చేయునప్పుడు మీరు దగ్గర నుండి ఈ సంగతులు గమనింపుడు.

బేరింగును షాఫ్టుపైకి ఎక్కించునప్పుడు లోపలి రింగుపైననే, పెట్టెలోనికి దింపునప్పుడు వెలుపలి రింగుపైననే ఒత్తిడి ఉండవలెను. సుత్తి దెబ్బ గుండ్ల మీదుగా పోయినచో క్రొత్త బేరింగు ఆనాడే పాడగును. బిగువుగా ఉన్నచో శుభ్రమైన నూనెలో, గిన్నె అడుగు తగులకుండ తీగతో వ్రేలాడదీసి, 80 నుండి 90 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేయవచ్చును. మంట నేరుగా తగులనీయరాదు. రెండు ప్రక్కల మూత ఉండి లోపల గ్రీజు నింపిన బేరింగును నూనెలో వేడి చేయరాదు.

సీలు పెదవి నూనె ఉన్న వైపునకు తిరిగి ఉండవలెను. పెదవికి నూనె రాసి, షాఫ్టు గాడులపై పలుచని టేపు చుట్టి, వంకర పోకుండ నెమ్మదిగా దింపవలెను. షాఫ్టుపై పాత సీలు కోసిన గీత గోరుకు తగిలినచో సీలును కొంచెము ముందుకో వెనుకకో జరిపి కూర్చుండబెట్టవలెను. అందుకు చోటు లేనిచో షాఫ్టుపై పలుచని తొడుగు వేయించవలెను.

పని ముగిసిన పిదప

ట్రాక్టరు పుస్తకములో చెప్పిన రకపు నూనెనే హద్దు వరకు పోసి, బరువు లేకుండ కొంతసేపు నడిపి, కారుట లేదని చూచుకొనుడు. మారిన సామాను సంఖ్యలు, తేదీ, నడిచిన గంటలు వ్రాసి ఉంచుడు. పలువురు కలిసి వాడుకొను ట్రాక్టరుకు ఈ లెక్క తప్పక ఉండునట్లు గ్రామాధికారులు చూడవలెను.

ఈ పనిని వేసవిలోనే, ఏరువాకకు ముందే చేయించుకొనుడు. దమ్ము నడుమ ట్రాక్టరు నిలిచినచో నారు ముదురును, అదను దాటును. చేయి తప్పిన అదనును ఏ మెకానిక్కును తిరిగి తేలేడు.