అనంత క్షేత్ర గోపురాలలో ఇవసావా నిశ్చరాలు: లామ్డా, మ్యూ, న్యూల స్వభావ భేదం

సారాంశం: ఒక సంఖ్యా క్షేత్రం మీద అంతస్తులుగా పేర్చిన అనంత గోపురంలో ఐడియల్ క్లాస్ గ్రూపులు పెరిగే తీరును కెంకిచి ఇవసావా 1959లో ఒక సూత్రంగా ప్రకటించారు. ఆ సూత్రంలోని మూడు నిశ్చరాలు ఒకే వరుసలో కనిపించినప్పటికీ వాటి బీజగణిత స్వభావాలు వేరు. ఏ నిశ్చరం ఏ స్థాయి సమాచారాన్ని నిలుపుకొంటున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: సంఖ్యా క్షేత్రం, గాల్వా మాడ్యూల్, ఇవసావా వలయం, మిథ్యా తుల్యరూపత, లామ్డా, మ్యూ.

1. నేపథ్యం

పూర్ణాంకాలలో ప్రధాన కారణాంక విభజన ఏకైకం. సంఖ్యా క్షేత్రాల పూర్ణాంక వలయాలలో ఈ ఏకైకత అన్నివేళలా నిలవదు. అది ఏ మేరకు భంగపడిందో కొలిచే పరిమిత సమూహమే ఐడియల్ క్లాస్ గ్రూపు. అందలి మూలకాల సంఖ్య క్లాస్ సంఖ్య. పి ఒక బేసి ప్రధాన సంఖ్య అనుకుందాం. ఒకటి యొక్క పి-వ మూలాలను అకరణీయ సంఖ్యలకు చేర్చగా ఏర్పడే క్షేత్రపు క్లాస్ సంఖ్యను పి భాగించకపోతే, ఘాతాంకం పి అయినప్పుడు ఫెర్మా చివరి సిద్ధాంతం సత్యమని 19వ శతాబ్ది మధ్యకాలంలో ఎర్నెస్ట్ కుమ్మర్ నిరూపించారు. నూరులోపు ఈ నియమానికి లొంగని ప్రధాన సంఖ్యలు 37, 59, 67 మాత్రమే. 37కు సంబంధించిన క్షేత్రపు క్లాస్ సంఖ్య సరిగ్గా 37.

కుమ్మర్ పరిశీలన ఒక్కొక్క క్షేత్రానికి పరిమితం. 37-వ మూలాలతో ఆగక, 37 యొక్క వర్గం, ఘనం, ఆపై ఘాతాలకు చెందిన మూలాలను కూడా వరుసగా చేర్చుకుంటూ పోతే ఏమవుతుందన్నది ఇవసావా ప్రశ్న.

2. గోపురం నుండి మాడ్యూల్‌కు

ఇట్టి గోపురంలో ఎన్-వ అంతస్తుకు ఆధార క్షేత్రంపై ఉండే పరిమాణం పి యొక్క ఎన్-వ ఘాతం. మొత్తం గోపురపు గాల్వా సమూహం పి-ఆడిక్ పూర్ణాంకాల సంకలన సమూహానికి తుల్యరూపం. ప్రతి అంతస్తులోని క్లాస్ గ్రూపు నుండి పి-ఘాత భాగాన్ని తీసుకొని, నార్మ్ ప్రమేయాల ద్వారా విలోమ అవధిని నిర్మిస్తే ఒకే మాడ్యూల్ లభిస్తుంది. దీనిపై గాల్వా సమూహం క్రియ జరుపుతుంది. ఆ సమూహపు జనకాన్ని 1+టి గా భావించినచో, ఈ మాడ్యూల్ పి-ఆడిక్ పూర్ణాంక గుణకాలు గల టి-ఘాత శ్రేణుల వలయంపై మాడ్యూల్ అవుతుంది. జాన్-పియర్ సెర్ స్పష్టపరచిన ఈ దృష్టి వల్ల అంకగణిత సమస్య వినిమయ బీజగణిత సమస్యగా మారింది. ఆ ఘాత శ్రేణుల వలయమే ఇవసావా వలయం.

ఎన్-వ అంతస్తులోని క్లాస్ సంఖ్యను భాగించే పి యొక్క గరిష్ఠ ఘాతాంకం, ఎన్ తగినంత పెద్దదైనప్పుడు, ఇలా ఉంటుంది:

ఘాతాంకం = (లామ్డా × ఎన్) + (మ్యూ × పి యొక్క ఎన్-వ ఘాతం) + న్యూ

37 గోపురంలో లామ్డా 1, మ్యూ 0, న్యూ 1. అనగా ఆధార క్షేత్రాన్ని సున్నా-వ అంతస్తుగా లెక్కిస్తే ఘాతాంకాలు 1, 2, 3... అని వరుసగా పెరుగుతాయి. 157 గోపురంలో లామ్డా 2.

3. సూత్రానికి మూలం

ఇవసావా వలయంపై పరిమిత జనిత టార్షన్ మాడ్యూల్ ప్రతిదీ, పరిమిత దోషాన్ని ఉపేక్షిస్తే, రెండు రకాల ఖండాల ప్రత్యక్ష మొత్తం. మొదటి రకం, వలయాన్ని పి యొక్క ఒక ఘాతంతో భాగించగా వచ్చేది. రెండవ రకం, ఒక విశిష్ట బహుపదితో భాగించగా వచ్చేది. అగ్ర గుణకం 1గా ఉండి, తక్కిన గుణకాలన్నీ పి చేత భాగింపబడేదే విశిష్ట బహుపది. మొదటి రకం ఖండాలలోని పి-ఘాతాంకాల మొత్తం మ్యూ. రెండవ రకం బహుపదుల పరిమాణాల మొత్తం లామ్డా.

రెండు రకాల పెరుగుదలలో తేడా ఇక్కడ తెలుస్తుంది. మొదటి రకం ఖండం ఎన్-వ అంతస్తులో పి యొక్క ఎన్-వ ఘాతమన్ని స్వతంత్ర దిశలలో వ్యాపిస్తుంది. కనుక ఘాతాంకం కూడా ఆ ప్రమాణంలోనే పెరుగుతుంది. రెండవ రకం ఖండానికి బహుపది పరిమాణమన్ని దిశలే ఉంటాయి. పై అంతస్తులలో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క దిశలో పి ఒక్కసారి మాత్రమే గుణకంగా చేరుతుంది. అందువల్ల పెరుగుదల సరళరేఖీయం.

4. ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది

పరిమిత దోషాన్ని ఉపేక్షించే తుల్యతను మిథ్యా తుల్యరూపత అంటారు. ఈ ఉపేక్షలో న్యూ జారిపోతుంది. లామ్డా, మ్యూ నిలుస్తాయి. మరొక అడుగు వేసి పి-తో భాగించడాన్ని అనుమతిస్తే, మొదటి రకం ఖండాలన్నీ అదృశ్యమై మ్యూ కూడా పోతుంది. మిగిలేది పి-ఆడిక్ సంఖ్యలపై లామ్డా పరిమాణం గల సదిశాంతరాళం. కావున ఈ మూడింటిలో అత్యంత దృఢమైనది లామ్డా.

ఈ భేదం ఎలిప్టిక్ వక్రాలలో ప్రత్యక్షమవుతుంది. క్లాస్ గ్రూపుల స్థానంలో సెల్మర్ సమూహాలను ఉంచి బ్యారీ మేజర్ ఈ సిద్ధాంతాన్ని వక్రాలకు విస్తరించారు. కండక్టర్ 11 గల మూడు వక్రాలు పరస్పరం ఐసోజెనీ సంబంధం కలవి. పి 5 అయినప్పుడు వాటి మ్యూ విలువలు 0, 1, 2. లామ్డా మాత్రం మూడింటికీ సున్నాయే. ఐసోజెనీకి మారేదాన్ని నిశ్చరమనడంలో అర్థమేమన్న సందేహం సహజం. మ్యూ ఆ మాడ్యూల్‌కు నిశ్చరమే. ఐసోజెనీ తరగతికి కాదు. 2005లో జాన్ కోట్స్, ఆర్. సుజాత సెల్మర్ సమూహంలోని ఒక సూక్ష్మ ఉపసమూహాన్ని పరిశీలించి, సైక్లోటోమిక్ గోపురంలో దాని మ్యూ ఎల్లప్పుడూ సున్నా అని ప్రతిపాదించారు.

5. నిరూపితాలు, అనిరూపితాలు

అకరణీయ సంఖ్యలపై ఏబెలియన్ అయిన క్షేత్రాల సైక్లోటోమిక్ గోపురాలలో మ్యూ సున్నా అని 1979లో ఫెరెరో, వాషింగ్టన్ నిరూపించారు. సైక్లోటోమిక్ కాని గోపురాలలో మ్యూ ధనాత్మకం కాగలదని ఇవసావా 1973లోనే ఉదాహరణలతో చూపారు. అన్ని సంఖ్యా క్షేత్రాల సైక్లోటోమిక్ గోపురాలకు మ్యూ సున్నా అన్నది నేటికీ ఊహయే. మూలాలన్నీ వాస్తవమైన క్షేత్రాలలో లామ్డా సైతం సున్నా అన్న గ్రీన్‌బర్గ్ ఊహదీ అదే స్థితి.

మరొక వైపు, మాడ్యూల్ నుండి వచ్చే లాక్షణిక బహుపదిని క్యుబోటా, లియోపోల్డ్ 1964లో నిర్మించిన పి-ఆడిక్ ఎల్-ప్రమేయంతో అనుసంధించే ప్రధాన ఊహను 1984లో మేజర్, వైల్స్ అకరణీయ సంఖ్యల విషయంలో నిరూపించారు. తద్ద్వారా బీజగణిత నిశ్చరాలు విశ్లేషణాత్మక గణనకు అందివచ్చాయి.

6. ముగింపు

ఇవసావా సూత్రంలోని మూడు పదాలు మూడు వేరు స్థాయిల సమాచారాన్ని సూచిస్తాయి. న్యూ మాడ్యూల్ యొక్క పూర్తి నిర్మాణంపై, మ్యూ దాని సమగ్ర నిర్మాణంపై, లామ్డా కేవలం సదిశాంతరాళ నిర్మాణంపై ఆధారపడతాయి. ఒక ఫలితం ఏ స్థాయిలో నిరూపితమైనదో గుర్తించనిదే, ఒక గోపురంలోని ఫలితాన్ని మరొక గోపురానికి గాని, ఒక వక్రం నుండి దాని ఐసోజెనీ వక్రానికి గాని అన్వయించడం సమంజసం కాదు.