మేక మేతలో మట్టి లెక్క

ముందు గడ్డి ఉన్నా కొన్ని మేకలు దొడ్డి గోడ నాకుతుంటాయి. ఎండిన ఎముక దొరికితే నములుతాయి. పాత గుడ్డ, ప్లాస్టిక్ సంచి, తోటి మేక మూత్రం, దేన్నీ వదలవు. పాడు అలవాటని అదిలించి ఊరుకుంటాం. చాలాసార్లు అది అలవాటు కాదు, వెతుకులాట. మేతలో దొరకని ఉప్పునో భాస్వరాన్నో ఒళ్ళు అలా అడుగుతుంది.

1920 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఇలాంటి వెతుకులాటనే పరిశీలించాడు. అక్కడి పశువులు కళేబరాల ఎముకలు నమిలి, వాటిలో పెరిగిన సూక్ష్మజీవి విషంతో కాళ్ళు పడిపోయి చచ్చిపోయేవి. అవి ఎముకలు నమలడానికి మూలం ఆ నేలలోనే దొరికింది. మట్టిలో భాస్వరం తక్కువ, అందుకే గడ్డిలోనూ తక్కువ. మేతతో భాస్వరం అందించాక ఎముకల యావ తగ్గింది.

ఒంట్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని లోకానికి ఇచ్చినవారిలో మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో దాన్ని ప్రచురించాడు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రయోగశాలల్లో స్థిరపడిపోయింది. పశువుకు ఏది తక్కువో ఊహతో కాక లెక్కతో చెప్పే దారుల్లో అదొకటి. మన మేకలకూ ఆ లెక్కే కావాలి.

గుట్ట మేత పోయి మడి మేత వచ్చింది

ఆవులా తల వంచి గడ్డి మేయడం కన్నా ముందుకాళ్ళు ఎత్తి ఆకు అందుకోవడమే మేకకు ఇష్టం. చెలకల్లో, గుట్టల మీద తిరిగిన రోజుల్లో తుమ్మ, రేగు, వేప, రావి, మేడి అన్నీ నాలుగు నాలుగు ఆకులు కొరికేది. చెట్ల వేళ్ళు లోతుకు పోయి ఖనిజాలు తోడుతాయి. ఆకుల్లో కాల్షియం మెండుగా ఉంటుంది. రకరకాల ఆకులు తినడంతో ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చేది.

తెలంగాణలోని నందిపేట్ చుట్టూ ఇప్పుడు ఆ మేత కరువైంది. 1963 జులై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీళ్ళు ఒకవైపు, బోర్లు మరోవైపు ఈ ప్రాంతపు సేద్యాన్ని మార్చేశాయి. వరి, మక్క, పసుపు, ఎర్రజొన్న, బోధన్ వైపు చెరకు. అది రైతుకు మేలే. మేకకు మాత్రం కోసిన మడి, మక్క మోళ్ళు, గట్ల మీది గడ్డి, సాయంత్రం దోసెడు తవుడు మిగిలాయి. వరిగడ్డిలో ఇసుక గుణమున్న సిలికా ఎక్కువ. ఆ గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కొద్ది కాల్షియాన్నీ పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. తనంత తాను ఏరుకోగలిగినన్నాళ్ళు మేక తన లోటు తానే పూడ్చుకుంది. ఏరుకునే చోటు మనం తీసుకున్నాం కాబట్టి ఆ లోటు పూడ్చే బాధ్యత కూడా మనదే.

వరికి తక్కువైన జింకే మేకకూ తక్కువ

నాటేసిన కొన్నాళ్ళకు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొస్తే జింక్ లోపమని ఇక్కడి రైతు చూడగానే చెబుతాడు. నీళ్ళు నిలిచిన మడిలో, క్షారం ఉన్న నేలలో జింక్ వేళ్ళకు అందని రూపంలోకి మారుతుంది. అందుకే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లుతారు. ఆ మడి గడ్డి తిన్న మేకకూ అదే కొరత రావచ్చు. బొచ్చు ఊడడం, చర్మం మందమై పొక్కులు కట్టడం, గిట్టలు చెడి కుంటడం, పోతుల్లో వీర్యం నాణ్యత తగ్గడం దాని గుర్తులు. జింక్‌ను ఒళ్ళు పెద్దగా దాచుకోలేదు. ఒకనాడు బాగా పెట్టి నెలంతా మరిచిపోతే లాభం లేదు, రోజూ కొద్దికొద్దిగా అందాలి.

తవుడు తెచ్చే రాళ్ళు

మేతలో భాస్వరం ఒక పాలుంటే కాల్షియం రెండు పాళ్ళ వరకు ఉండాలి. తవుడులో ఈ లెక్క పూర్తిగా తలకిందులు, కాల్షియం కన్నా భాస్వరం పది రెట్లకు పైనే. మక్కలదీ ఇంచుమించు అదే తీరు. బక్రీద్‌కు బలంగా తయారు కావాలని పోతులకు తవుడు, మక్కలు దట్టంగా పెట్టినప్పుడు మిగులు భాస్వరం మూత్రంలో చేరి, మెగ్నీషియం, అమ్మోనియంతో కలిసి రాళ్ళు కడుతుంది. పోతు మూత్రనాళం పొడుగైనది, సన్ననిది, మెలికలున్నది. చిన్నప్పుడే విత్తులు కొట్టించిన వాటిలో ఇంకా సన్నం. ముక్కుతూ, అరుస్తూ, చుక్కచుక్కగా పోస్తున్న పోతును మలబద్ధకమనుకుని ఇంట్లో ఉంచుకోవద్దు. వెంటనే పశువుల దవాఖానకు తీసుకెళ్ళాలి. రాళ్ళు రాకుండా చూసుకోవడానికి ఆకు మేత, కాల్షియం పాళ్ళు సరిచేసే ఖనిజ మిశ్రమం, దాహం పెంచే ఉప్పు, ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు ఉంటే చాలు.

ఎర్రజొన్న, అయోడిన్

ఆర్మూరు, నందిపేట్ రైతులు పండించే ఎర్రజొన్న ఉత్తరాదికి పశుగ్రాస విత్తనంగా పోతుంది. కోసిన మోళ్ళ నుంచి వచ్చే లేత పిలకల్లో, వానలేక వాడిన పైరులో సైనైడ్ విషం పుట్టించే పదార్థం ఉంటుంది. ఎక్కువ తింటే మేక అక్కడికక్కడే కూలుతుందని కాపరులందరికీ తెలుసు. తక్కువ తిన్నప్పుడు జరిగేది కంటికి కనబడదు. ఒళ్ళు ఆ విషాన్ని గంధకంతో కలిపి థయోసయనేట్‌గా మారుస్తుంది. ప్రాణం నిలుస్తుంది గానీ, ఆ థయోసయనేట్ గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ చేరకుండా అడ్డుపడుతుంది. చూడి మేకలు చాలాకాలం ఇలాంటి మేత తింటే పిల్లలు బొచ్చు లేకుండా, నీరసంగా, గొంతు కింద వాపుతో పుట్టవచ్చు. అందుకే మేకలకూ అయోడిన్ ఉప్పే పెట్టాలి. దవడ కింద మెత్తగా నీరు దిగిన వాపు మాత్రం వేరు. అది ఎక్కువగా నట్టల వల్ల రక్తం తగ్గిన గుర్తు. దానికి ముందు నట్టల మందు పడాలి.

రాగి: మేకకు మేలు, గొర్రెకు ముప్పు

తల్లికి రాగి చాలకపోతే పిల్లల వెన్నుపాము సరిగా ఎదగదు. వెనక కాళ్ళు తూలుతూ నడుస్తాయి. మేతలో రాగి ఉన్నా ఒక్కోసారి ఒంటబట్టదు. మాలిబ్డినం, గంధకం మేక పెద్దకడుపులో కలిసి రాగిని బిగించేస్తాయి. క్షార నేలల్లో మొక్కలు మాలిబ్డినం ఎక్కువగా పీలుస్తాయి. ఈ పేచీ మనుషుల్లోనూ బయటపడింది. ఫ్లోరైడ్ పీడిత నల్లగొండ పల్లెల్లో మోకాళ్ళు లోనికి వంగే జబ్బును 1970లలో పరిశీలించిన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, అక్కడి జొన్నల్లోని మాలిబ్డినానికీ ఒంట్లోని రాగికీ ముడి ఉందని సూచించారు.

అలాగని రాగి ఎడాపెడా పెట్టకూడదు. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1.9 కోట్లు, దేశంలోనే ఎక్కువ. మేకలు 49 లక్షల దాకా ఉన్నాయి. చాలా మందల్లో రెండూ కలిసే మేస్తాయి. మేక తట్టుకునే రాగి గొర్రె తట్టుకోలేదు. గొర్రె కాలేయంలో అది నెలల తరబడి పోగుపడి, ఒకనాడు ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. ఎర్ర కణాలు చితికి, మూత్రం ఎర్రబడి, కళ్ళు పచ్చబడి గొర్రె చనిపోతుంది. కలిసిన మందకు నాకేందుకు ఒకే ఖనిజ లవణ ఇటుక వేలాడదీసేవారు దాని మీద గొర్రెలకు పనికొస్తుందని రాసి ఉందో లేదో తప్పక చూడాలి.

ఎంత, ఎలా

పెద్ద మేకకు రోజుకు 5 నుంచి 10 గ్రాములు, పిల్లలకు అందులో సగం ఖనిజ లవణ మిశ్రమం చాలు. దాణా కలిపేవారు నూరు కిలోలకు 2 కిలోల మిశ్రమం, కిలో ఉప్పు వేసుకోవచ్చు. ఈతకు ముందు యాభై రోజులు, పాలిచ్చే రోజులు ముఖ్యం. కడుపులో పిల్ల ఎదుగుదల చాలావరకు ఆ చివరి రోజుల్లోనే జరుగుతుంది. నాకే ఇటుకను వాన, ఎండ తగలని చోట, మేక తల ఎత్తున కట్టాలి. నేల మీద పెడితే పెంట అంటుతుంది, తడిస్తే కరిగిపోతుంది.

ఏ మిశ్రమం కొనాలో తేల్చుకోవడానికి మనకు ఇప్పటికే ఒక ఆధారం ఉంది. 2015 నుంచి రైతులకు ఇస్తున్న మట్టి ఆరోగ్య కార్డులో జింక్, రాగి, ఇనుము, మాంగనీసు, గంధకం ఎంతున్నాయో ఉంటుంది. మనం దాన్ని ఎరువుల కోసమే చదువుతున్నాం, మేకల కోసమూ చదవాలి. మట్టిలో ఉన్నదంతా మేకకు చేరుతుందని కాదు, కానీ ఎక్కడ అనుమానించాలో ఆ కార్డు చెబుతుంది. అయోడిన్, కోబాల్ట్, మాలిబ్డినం అందులో ఉండవు. వాటికి మేత, రక్తం పరీక్షలు కావాలి. ప్రాంతానికి తగిన ఖనిజ మిశ్రమాల మీద బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆ లెక్క మండలానికీ, అక్కడి నుంచి మందకూ దిగిరావాలి. అందాకా గొల్లకుర్మలు, మేకల పెంపకందారులు తమ కార్డు పట్టుకుని పశువైద్యుణ్ణి ఒక్కటే అడగాలి: మా నేలలో తక్కువైంది ఏది, మా మందకు దాన్ని ఎంత పెట్టాలి?