కుష్ఠుకు మూడు మందులెందుకు?

కుష్ఠు సోకినవారికి ఇచ్చే ఎండీటీ (బహుళ ఔషధ చికిత్స) ప్యాకెట్‌లో రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ ఉంటాయి. జబ్బు ఒకటే కదా, ఇన్ని మందులెందుకు?

1940ల నుంచి డాప్సోన్ ఒక్కటే వాడేవారు. చవక, పైగా మింగే మాత్ర. కాని ఏళ్ల తరబడి వాడాల్సి వచ్చేది. తగ్గిన జబ్బు కొందరిలో మళ్లీ తిరగబెట్టింది. బ్యాక్టీరియా మందుకు లొంగడం లేదని 1964లో మలేసియాలో రుజువైంది.

ఒక్క మందు చాలనప్పుడు మందులను కలిపి ఇవ్వాలి. అలా రెండు మందుల జోడీని పరీక్షించడానికి ల్యాబుల్లో చెకర్‌బోర్డ్ పద్ధతి ఉంది. 96 గుంటల ప్లేటులో ఒక మందు మోతాదును అడ్డంగా, రెండోదాన్ని నిలువుగా మారుస్తూ పోసి, బ్యాక్టీరియా ఎక్కడ పెరగలేదో చూస్తారు. విడిగా కావలసిన మోతాదులో నాలుగో వంతు చొప్పున కలిపినా పెరుగుదల ఆగితే, ఆ రెండూ ఒకదానికొకటి బలం చేకూరుస్తున్నట్టే.

అన్ని జోడీలూ అలా కుదరవు. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి వచ్చిన ఆరియోమైసిన్ గొప్ప మందే. అయినా న్యుమోకాకస్ మెదడు పొర వాపులో దాన్ని పెన్సిలిన్‌తో కలిపి ఇస్తే, పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఎక్కువ మంది చనిపోయారని 1951లో తేలింది. పెన్సిలిన్ పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపగలదు. ఆరియోమైసిన్ ఆ పెరుగుదలనే ఆపేస్తుంది.

కుష్ఠు బ్యాక్టీరియా విషయంలో ఈ ప్లేటు పరీక్ష కుదరదు. అది ల్యాబు ప్లేటులో పెంచితే పెరగదు. 1960లో షెపర్డ్ అనే శాస్త్రవేత్త దాన్ని ఎలుక పాదంలో పెంచే దారి కనిపెట్టాడు. ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఒక్కో పరీక్షకు నెలల తరబడి ఆగాలి.

మూడు మందుల వెనక ఉన్న లెక్క ఇది. జబ్బు ముదిరిన మనిషి ఒంట్లో దాదాపు 10,000 కోట్ల బ్యాక్టీరియా ఉండవచ్చు. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు కోటికి ఒకటి. అంటే ఆ ఒక్క మందే ఇస్తే 10,000 మిగిలి, మళ్లీ పెరుగుతాయి. డాప్సోన్‌కు లొంగనిది పది లక్షలకు ఒకటి. రెండింటికీ లొంగనిది పది లక్షల కోట్లకు ఒకటి; ఒక మనిషి ఒంట్లో అది ఉండే అవకాశమే తక్కువ. మూడో మందు చేరితే ఇంకా తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో ఈ చికిత్సను సిఫారసు చేశారు. కుష్ఠు బెడద ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఇది 1980లలో తొలి దశలోనే అందింది. దేశంలో 1981లో పదివేల మందికి 57.6గా ఉన్న రోగుల సంఖ్య 2005 చివరికి ఒకటి లోపుకు దిగింది.

జబ్బు పూర్తిగా పోలేదు. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే ఆశా కార్యకర్తకు చెప్పండి, మందులు ఉచితం. మూత్రం ఎర్రబడినా, చర్మం నల్లబడినా అవి మందుల ప్రభావమే, భయపడి మానెయ్యకండి. డాక్టరు 6 నెలలన్నా 12 నెలలన్నా, చివరి మాత్ర వరకూ వాడండి.