పైలాన్: సాగర్‌ది కాదు, ఏథెన్స్‌ది

పైలాన్ అంటే మన నల్లగొండ జిల్లాలో ఎవరికైనా సాగరే గుర్తొస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జున సాగర్ ప్రాజెక్టు పనుల కోసం వెలిసిన కాలనీల్లో పైలాన్ కాలనీ ఒకటి. నేను చెప్పబోయే పైలాన్ వేరే. అది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ అనే కాలేజీ ఊళ్లో నలుగురు కలిసి పెట్టుకున్న బ్యాండ్. 1979లో జనం ముందుకొచ్చింది. అక్కడ రోడ్డు మీద అడ్డంగా పెట్టే నారింజ రంగు కోన్లను కూడా పైలాన్లనే అంటారు. పాటగాళ్ల గుంపుకి అంతకంటే పొడి పేరు దొరకదు.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, మన దగ్గర బ్యాండ్ పెడదామనే మాట ప్రతి ఏడాది ఫ్రెషర్స్ పార్టీకి మొలకెత్తి, యాన్యువల్ డే నాటికి పూత పూసి, ఎండాకాలం సెలవులకు ఎండిపోతుంది. ఎందుకని అడిగితే ఎప్పుడూ అవే మూడు జవాబులు. మంచి ఇన్‌స్ట్రుమెంట్లు లేవు, నేర్పేటోళ్లు లేరు, మనది హైదరాబాద్ కాదు. పైలాన్ కథ తెలిసినప్పటి నుంచి ఈ మూడింటి మీద నాకు నమ్మకం పోయింది. నాలుగో కారణం ఒకటుంది, అసలుది అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఇండీ అంటే ఏందో చెప్పాలి. ఇండిపెండెంట్‌ని కుదించి ఇండీ అంటారు. పెద్ద కంపెనీ డబ్బు లేకుండా, ఎవరో పెట్టిన లెక్కకు కట్టుబడకుండా, సొంత పాట సొంతంగా చేసుకునే బ్యాండ్ అన్నమాట. మనకు ఇంకో అర్థం కూడా కలుస్తుంది: సినిమాతో సంబంధం లేనిది. తెలుగులో కొత్త పాట పాడగానే పక్కనోడు అడిగే మొదటి ప్రశ్న "ఏ సినిమాలోది?" అనే కదా.

ఏథెన్స్ నుంచి పెద్ద నగరం అట్లాంటా సుమారు 110 కిలోమీటర్లు. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ రమారమి వంద. అంటే పొద్దున పోయి రాత్రికి రావొచ్చు కానీ రోజూ పోలేం. ఏథెన్స్‌లో ఉన్నది జార్జియా యూనివర్సిటీ, దాని చుట్టూ అద్దె గదులు, సాయంత్రమైతే ఏం చేయాలో తోచని పిల్లలు. మన ఊళ్లతో పోలిక ఇంకా చెప్పాలా?

ఆ ఊరి నుంచి ముందు బయటికొచ్చింది బి-52స్. 1976లో ఐదుగురు స్నేహితులు ఒక చైనీస్ హోటల్‌లో ఒకే పెద్ద గిన్నెలో పానీయం పంచుకుని తాగి, ఆ రాత్రే సరదాగా వాయించడం మొదలుపెట్టారు. 1977 ఫిబ్రవరి 14న ఒక ఇంట్లో పార్టీకి మొదటిసారి వాయించారు. ఆడవాళ్లు తలమీద గోపురంలా దువ్వుకునే ఒక రకం కొప్పుకి వాడుక పేరు బి-52, అదే బ్యాండ్ పేరైంది. వాళ్ల గిటారిస్టు రికీ విల్సన్ గిటారు మధ్యలో తీగలు పీకేసి, మిగిలినవాటిని తనకు నచ్చినట్టు శ్రుతి చేసుకుని వాయించేవాడు. బేస్ గిటారు లేదు, ఆ పని కేట్ పియర్సన్ కీబోర్డు మీద చేసేది.

ఈ తీగల సంగతి నాకు చాలా ఇష్టం, జర ఆగి చెప్తా. మామూలు శ్రుతిలో గిటారు ఆరు తీగలు కింది నుంచి పైకి సుమారు 82, 110, 147, 196, 247, 330 హెర్ట్జ్. మధ్య రెండూ 147, 196. మనిషి గొంతు మాట్లాడేటప్పుడు మగవాళ్లది నూరు దాటిన దగ్గర, ఆడవాళ్లది 200 చుట్టూ ఉంటుంది. అంటే ఆ రెండు తీగలు సరిగ్గా గొంతులు నిలబడే జాగాలో కూర్చుంటాయి. అవి పోతే కింద గుమ్ గుమ్మని ఒకటి, పైన కంగుమని ఒకటి మిగిలి, నడుమ ముగ్గురు పాడేవాళ్లకు చోటు దొరుకుతుంది. రికీ ఈ లెక్క వేసుకుని చేశాడని కాదు. నాకు వినబడే తీరు ఇది. 1978లో వచ్చిన వాళ్ల మొదటి సింగిల్ 'రాక్ లాబ్‌స్టర్' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మీకూ తెలుస్తుంది.

ఇక పైలాన్. రాండీ బ్యూలీ, మైకేల్ లచౌస్కీ ఆర్ట్ స్కూల్ విద్యార్థులు. ఇద్దరికీ సంగీతం రాదు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక గిటారు, ఒక బేస్ కొనుక్కుని అద్దె గదిలో ఒకే ముక్కను మళ్లీ మళ్లీ వాయించేవాళ్లు. అదే బిల్డింగ్‌లో ఉండే కర్టిస్ క్రో ఆ మోత రోజూ విని విని, చివరికి తలుపు కొట్టాడు, తిట్టడానికి కాదు, డ్రమ్స్ వాయిస్తానని. పాడటానికి మరో ఆర్ట్ విద్యార్థిని వెనెస్సా బ్రిస్కో వచ్చింది. ఆమె కూడా అంతకుముందు గాయని కాదు. లచౌస్కీ ఊళ్లోని డ్యూపాంట్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడి హెచ్చరికల భాష, ఫ్యాక్టరీ భాష పాటల్లోకి వచ్చేసింది. మన వర్క్‌షాప్ గోడ మీద లేత్ మిషన్ పక్కన ఉన్న సూచనల బోర్డుకి బాణీ కడితే ఎట్లుంటదో ఊహించుకోండి.

ఇదంతా జరిగిన చోటుకీ ఒక పేరుంది. కర్టిస్ ఉండే పై అంతస్తులో పార్టీలు జరిగేవి. పైకప్పు నుంచి వేలాడే ఒక్క నలభై వాట్ల బల్బే అక్కడి లైటింగ్. అందుకే దాన్ని 40 వాట్ క్లబ్ అన్నారు. ఆ పేరుతో క్లబ్ ఏథెన్స్‌లో ఇప్పటికీ ఉంది, జాగా మాత్రం చాలాసార్లు మారింది.

పైలాన్ పెట్టుకున్న లక్ష్యం చిన్నది. న్యూయార్క్‌లో ఒక్కసారి వాయించాలి, 'న్యూయార్క్ రాకర్' పత్రికలో నాలుగు ముక్కలు పడాలి, బ్యాండ్ మూసెయ్యాలి. బి-52స్ వాళ్లు మాట సాయం చేశారు. 1979లోనే న్యూయార్క్ పోయి, ఇంగ్లండ్ బ్యాండ్ గ్యాంగ్ ఆఫ్ ఫోర్ కంటే ముందు వాయించారు. పత్రికలకెక్కారు. మరి మూసెయ్యలేదు! 1980లో 'గైరేట్' ఆల్బం తెచ్చారు. అదే ఏడాది ఏప్రిల్ 5న ఏథెన్స్‌లో పాడుబడ్డ ఒక చర్చిలో స్నేహితురాలి పుట్టినరోజుకి మరో నలుగురు మొదటిసారి వాయించారు. ఆ నలుగురే ఆర్.ఈ.ఎం. తర్వాత ప్రపంచమంతా తిరిగిన బ్యాండ్. 1987లో రోలింగ్ స్టోన్ పత్రిక ఆర్.ఈ.ఎం.ని అమెరికాలో అత్యుత్తమ రాక్ బ్యాండ్ అని రాస్తే, వాళ్ల డ్రమ్మర్ బిల్ బెర్రీ ఆ మాట చెల్లేది పైలాన్‌కు అన్నాడు.

ఇప్పుడు నాలుగో కారణం. ఏథెన్స్‌లో మంచి గిటార్లు లేవు, గురువులు లేరు. ఉన్నది ఒక గది, అందులో ఇంతకుముందు ఎప్పుడూ వినని పాటకు డాన్స్ చేసే యాభై మంది. పైలాన్‌ని పైలాన్ చేసింది వాళ్లే. మన దగ్గర లేనిది అదే. యాన్యువల్ డేకి సినిమా పాట వాయిస్తే ఆడిటోరియం ఊగుతుంది, సొంత పాట ఎత్తుకోగానే ఫోన్లు బయటికొస్తాయి. వినేవాడి తప్పనను, అలవాటు లేదంతే.

పైగా సరుకు మన దగ్గర ఏథెన్స్ కంటే ఎక్కువే. ఉన్నదాంతో కొత్తది చేయడం ఈ నేలకు తెలియని విద్య కాదు. సుద్దాల హన్మంతు గొల్ల సుద్దుల రూపాన్నే తీసుకుని సాయుధ పోరాటానికి పాట చేశాడు. పాత పాలమూరు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనె మైనం, అంతే దాని సరంజామా. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు విన్నాకే చాలామందికి ఆ పేరు తెలిసింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కూడా చూడండి, సినిమా తలుపు తడితేనే మనం విన్నాం. డప్పు సంగతి సరేసరి. వాయించే ముందు మంట దగ్గర కాపడం పెడతారు. తోలులోని తేమ పోయి బిగుసుకుంటుంది, శ్రుతి పెరుగుతుంది. టెన్షన్ నాలుగింతలైతే శ్రుతి రెండింతలు, మన ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న సూత్రమే. ఒక గిటారు, ఒక డప్పు, చలికాలం రాత్రి గుప్పెడు చితుకులు ఉంటే రిథమ్ సెక్షన్ తయారు.

తెలుగులో ఈ దారి పట్టినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ రెగే నడకలో తెలుగు పాట కట్టింది, 2020లో వాళ్ల కరోనా పాట ఇంటింటికీ చేరింది. వాళ్లలో పాడిన రామ్ మిరియాల మరుసటేడు 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు.

మేం ఐదుగురం నిరుడు మొదలుపెట్టాం. ఇద్దరికి ప్లేస్‌మెంట్ వచ్చింది. జూన్‌లో ఒకడు పుణె, ఇంకొకడు హైదరాబాద్. "ఇంక ఎందుకురా ఇదంతా, ఎట్లాగూ ఆగిపోయేదే కదా" అని మాలో మేమే అనుకుంటున్నాం. పైలాన్ కూడా 1983లో ఆగిపోయింది. అప్పటికే యూ2 కంటే ముందు వాయించే స్థాయికి వచ్చారు, కానీ సరదా పోతోందని నలుగురూ ఒప్పుకుని ఆపేశారు. వెనెస్సా నర్సుగా పనిచేసింది. 2009లో రాండీ చనిపోయాడు. 2020లో వాళ్ల పాత పాటలన్నీ కలిపి ఒక పెట్టెగా మళ్లీ వచ్చాయి. వెనెస్సా ఇంకో గుంపుతో ఇప్పటికీ ఆ పాటలు పాడుతోంది. 1983లో ఆగేనాటికి నాలుగైదేళ్లే నడిచిన బ్యాండ్ అది. అంటే మన బీటెక్ అంత.

మా దగ్గర సొంత పాటలు ఏడున్నాయి, ఎనిమిదోది పల్లవి దగ్గర ఆగింది. మార్చి దాకా ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి వర్క్‌షాప్ వెనక సైకిల్ షెడ్డులో వాయిస్తాం. బల్బు ఎల్‌ఈడీ, తొమ్మిది వాట్లే. కుర్చీలు లేవు, నిలబడాలె. ఏ సినిమాలోదని అడగొద్దు.